కెమెరా సందేహాలకు కాంతి లెక్క

కెమెరాకు ఎన్ని మెగాపిక్సెళ్లు ఉండాలన్నది, తీసిన ఫొటో చివరికి ఎక్కడికి చేరుతుందన్న దాన్ని బట్టి తేలుతుంది. తెలుగు పెళ్లిళ్లలో బాగా వాడుకలో ఉన్న కరిజ్మా ఆల్బమ్‌నే తీసుకుంటే, విప్పి పరిచిన షీటు సాధారణంగా 12 అంగుళాల ఎత్తు, 36 అంగుళాల వెడల్పు ఉంటుంది. అందులో ఒక్కో పేజీ 12×18. అంగుళానికి 300 చుక్కల చొప్పున వేసినా, పేజీ నిండా పరిచే ఫొటోకు కావలసింది 3,600×5,400 పిక్సెళ్లు, అంటే 19.4 మెగాపిక్సెళ్లు. 4కె టీవీ తెర మొత్తానికి 8.3 మెగాపిక్సెళ్లు సరిపోతాయి. వాట్సాప్‌లో పంపుకునే ఫొటోకు అందులో సగం కూడా అక్కర్లేదు. రోడ్డు పక్కన కట్టే ఫ్లెక్సీ పెద్దది కాబట్టి దానికి ఇంకా ఎక్కువ కావాలని అనిపిస్తుంది. కానీ ఫ్లెక్సీని ఎవరూ జానెడు దూరం నుంచి చూడరు, అందుకే దాన్ని అంగుళానికి చాలా తక్కువ చుక్కలతో ముద్రిస్తారు. ఈ పనులన్నిటికీ 24 మెగాపిక్సెళ్ల కెమెరా చాలు.

24 నుంచి 45 మెగాపిక్సెళ్లకు మారితే అంకె దాదాపు రెట్టింపవుతుంది గానీ ఫొటోలో వివరం రెట్టింపు కాదు. మెగాపిక్సెల్ అనేది వైశాల్యపు లెక్క, కంటికి తెలిసేది పొడవు వెడల్పుల లెక్క. 24 మెగాపిక్సెళ్ల ఫొటో వెడల్పున 6,000 పిక్సెళ్లుంటే, 45 మెగాపిక్సెళ్ల దానిలో సుమారు 8,250 ఉంటాయి. పెరిగింది 38 శాతంలోపే. వెడల్పున రెట్టింపు కావాలంటే 96 మెగాపిక్సెళ్లు ఉండాలి. నేలపట్టులోనో కొల్లేటిలోనో దూరాన వాలిన పక్షిని తీసి, చుట్టూ ఉన్నదంతా కత్తిరించాల్సిన వారికి ఆ 38 శాతం పనికొస్తుంది. మండపంలో తలంబ్రాలు తీసేవారికి తేడా తెలియదు, హార్డ్ డిస్కులు మాత్రం త్వరగా నిండుతాయి.

ఫోన్లలో కనిపించే 200 మెగాపిక్సెళ్ల సంగతి వేరు. మామూలు కెమెరా సెన్సార్ స్వతహాగా రంగును గుర్తించలేదు, పడిన వెలుతురు ఎంతన్నదే దానికి తెలుస్తుంది. అందుకే ఒక్కో పిక్సెల్ మీద ఎరుపో ఆకుపచ్చో నీలమో రంగు ఫిల్టర్ పెడతారు. సగం పిక్సెళ్లకు ఆకుపచ్చ, పావు వంతుకు ఎరుపు, పావు వంతుకు నీలం వచ్చేలా అమర్చే ఈ పద్ధతికి కొడాక్ శాస్త్రవేత్త బ్రైస్ బేయర్ పేరు మీద 1976లో పేటెంట్ వచ్చింది. ప్రతి పిక్సెల్ ఒక రంగును కొలుస్తుంది, మిగిలిన రెండింటిని ఇరుగుపొరుగు పిక్సెళ్లను చూసి ప్రాసెసర్ లెక్కగడుతుంది. 200 మెగాపిక్సెళ్ల ఫోన్ సెన్సార్లలో పక్కపక్కనున్న 16 పిక్సెళ్లకు ఒకే రంగు ఫిల్టర్ ఉంటుంది. మామూలుగా తీస్తే ఫోన్ ఆ పదహారింటినీ కలిపి ఒక్కటిగా లెక్కేసి 12.5 మెగాపిక్సెళ్ల ఫొటో ఇస్తుంది. డబ్బా మీద అచ్చేసేది మాత్రం పెద్ద అంకెనే.

పిక్సెళ్ల సంఖ్య కన్నా అవి పరుచుకున్న జాగా ముఖ్యం. ఫుల్ ఫ్రేమ్ అనేది 36×24 మిల్లీమీటర్ల సెన్సార్. ఈ కొలత 35 మి.మీ. సినిమా ఫిల్మ్‌ను ఫొటోలకు వాడుకున్న పాత కెమెరాల నుంచి వచ్చింది. 1925లో మార్కెట్‌కు వచ్చిన లైకా దాన్ని స్థిరపరచింది. దాని వైశాల్యం 864 చదరపు మిల్లీమీటర్లు. క్రాప్ సెన్సార్ అని పిలిచే ఏపీఎస్-సి సుమారు 23.5×15.6, అంటే ఫుల్ ఫ్రేమ్‌లో సగం కూడా ఉండదు. ఇక ఒక అంగుళం సెన్సార్ ఏ వైపు కొలిచినా అంగుళం రాదు, దాని అసలు కొలత 13.2×8.8 మి.మీ. పాత టీవీ కెమెరాల గాజు ట్యూబు బయటి వ్యాసాన్ని బట్టి పెట్టుకున్న పేరు ట్యూబులు పోయినా మిగిలిపోయింది. మంచి ఫోన్‌లోని ప్రధాన సెన్సార్ సుమారు 70 చదరపు మిల్లీమీటర్లు ఉంటుంది. ఒకే రకపు ఎక్స్‌పోజర్‌తో తీసినా ఫుల్ ఫ్రేమ్ దానికి పన్నెండు రెట్లు ఎక్కువ వెలుతురు పోగు చేస్తుంది. మసక వెలుతురు ఫొటోల గురించిన సందేహాల్లో చాలా వాటికి జవాబు ఈ పోగులోనే ఉంది.

వాటిలో అన్నిటికన్నా ఎక్కువగా వినిపించేది నాయిస్ గురించిన సందేహం. ఐఎస్ఓ పెంచితే ఫొటోలో గ్రెయిన్స్ వస్తాయని ఫొటో నేర్చుకునే ప్రతి ఒక్కరూ మొదటి వారంలోనే వింటారు. కళ్లకు కనిపించేది అదే గానీ కారణం ఐఎస్ఓ కాదు. వెలుతురు ఎడతెగని ధారలా రాదు, ఫోటాన్లనే విడివిడి రేణువులుగా వస్తుంది. 1905లో ఐన్‌స్టైన్ చెప్పిన ఈ సంగతే డిజిటల్ కెమెరాకు పునాది. సిలికాన్ మీద పడిన ఫోటాన్ ఒక ఎలక్ట్రాన్‌ను విడిపిస్తుంది, కెమెరా లెక్కపెట్టేది ఆ ఎలక్ట్రాన్లనే. అయితే ఫోటాన్లు వరసలో రావు. చినుకులు మొదలైన తొలి క్షణాల్లో అరుగు బండల మీద చూస్తే, ఒక బండ మీద మూడు చినుకులు, పక్క దాని మీద ఏడు, ఇంకో దాని మీద ఒకటి పడి ఉంటాయి. వాన దంచి కొట్టాక అన్ని బండలూ ఒకేలా తడుస్తాయి. పిక్సెళ్ల మీద ఫోటాన్లు పడే తీరూ అంతే.

దీనికి కచ్చితమైన లెక్క ఉంది. సగటున 100 ఫోటాన్లు పడాల్సిన చోట హెచ్చుతగ్గులు దాని వర్గమూలమంత, అంటే 10 వరకు ఉంటాయి. అది 10 శాతం. 10,000 పడే చోట హెచ్చుతగ్గులు 100, అంటే 1 శాతమే. పెళ్లికూతురి ముఖం మీద పక్కపక్కనున్న రెండు పిక్సెళ్లకు ఒకే రంగు రావాల్సింది పోయి 10 శాతం తేడా వస్తే, చర్మం ఇసుక చల్లినట్టు కనిపిస్తుంది. ఐఎస్ఓ పెంచడమంటే అందిన కొద్దిపాటి సంకేతాన్ని పెద్దది చేయడం. దానితో పాటు ఆ తేడా కూడా పెద్దదవుతుంది. ఐఎస్ఓ 6400 పెట్టారంటే అప్పటికే వెలుతురు చాలలేదన్న మాట.

ట్రైపాడ్ మీద కెమెరా పెట్టి, షట్టర్, అపెర్చర్ మార్చకుండా రా ఫార్మాట్‌లో రెండు ఫొటోలు తీస్తే విషయం తేటతెల్లమవుతుంది. ఒకటి ఐఎస్ఓ 400లో తీసి కంప్యూటర్‌లో మూడు స్టాపులు, అంటే మూడుసార్లు రెట్టింపు చేస్తూ, వెలుగు పెంచాలి. రెండోది నేరుగా 3200లో తీయాలి. చాలా ఆధునిక కెమెరాల్లో రెంటికీ నాయిస్ దాదాపు సమానం. కొన్నిటిలో 3200లో తీసినదే ఇంకాస్త శుభ్రంగా ఉంటుంది, ఎందుకంటే సంకేతాన్ని ముందే పెంచితే తర్వాతి ఎలక్ట్రానిక్ సర్క్యూట్లు చేర్చే నాయిస్ దాని ముందు చిన్నదైపోతుంది. కాబట్టి ఐఎస్ఓ 800 దాటకూడదని ఒట్టు పెట్టుకుని, ఫొటోను చీకటిగా తీసి తర్వాత వెలిగించేవారికి ఒరిగేదేమీ లేదు. ఐఎస్ఓ తగ్గించినందువల్ల లాభం రావాలంటే, ఆ మేరకు షట్టర్ నిదానించాలి, లేదా అపెర్చర్ తెరవాలి, లేదా ఇంకో లైటు వెయ్యాలి. ఈ మూడూ కుదరని చోట ఐఎస్ఓ పెంచడమే సరైన పని. నాయిస్ ఉన్న ఫొటోను కొంతవరకు సరిచేయవచ్చు, చెయ్యి కదిలి అలుక్కుపోయిన ఫొటోను సరిచేయడం అంత తేలిక కాదు.

అపెర్చర్ అంకె చిన్నదైతే రంధ్రం పెద్దదెందుకవుతుందన్నది మరో సందేహం. అది భిన్నం కావడమే కారణం. లెన్స్ ఫోకల్ లెంగ్త్‌ను రంధ్రం వ్యాసంతో భాగిస్తే ఎఫ్ అంకె వస్తుంది. 50 మి.మీ. లెన్స్‌కు ఎఫ్ 2 దగ్గర రంధ్రం 25 మి.మీ., ఎఫ్ 8 దగ్గర 6 మి.మీ. కన్నా కాస్త ఎక్కువ. 1.4, 2, 2.8, 4, 5.6, 8 అనే వింత వరస కూడా ఇందులోంచే పుట్టింది. వ్యాసం 1.4 రెట్లు తగ్గితే వైశాల్యం సగమవుతుంది, మెట్టు మెట్టుకూ వెలుతురు సగానికి పడిపోతుంది. ఫోన్‌లోని ఎఫ్ 1.8, పెద్ద కెమెరాలోని ఎఫ్ 1.8 ఒకటేనా అంటే, భిన్నం ఒకటే గానీ రంధ్రం ఒకటి కాదు. ఫోన్ లెన్స్ అసలు ఫోకల్ లెంగ్త్ 7 మి.మీ. అనుకుంటే రంధ్రం 4 మి.మీ. లోపే, 50 మి.మీ. లెన్స్‌కైతే దాదాపు 28 మి.మీ. వెనక ఉన్నదంతా మెత్తగా కరిగిపోయే బ్లర్ ఆ రంధ్రం వెడల్పు వల్ల వస్తుంది. ఫోన్ పోర్ట్రెయిట్ మోడ్‌లో దాన్ని లెక్క కట్టి పులుముతుంది కనుకనే జడలోని పువ్వుల అంచులో, కళ్లజోడు కాడలో అప్పుడప్పుడు దొరికిపోతుంది.

రంధ్రాన్ని మరీ బిగించినా నష్టమే. ఎఫ్ 22 పెడితే ముందు నుంచి వెనక దాకా అంతా షార్ప్‌గా వస్తుందని చాలామంది నమ్ముతారు. కానీ సన్నని రంధ్రం గుండా వచ్చిన కాంతి అంచుల దగ్గర వంగి విస్తరిస్తుంది, చుక్క చుక్కగా ఉండక చిన్న బిళ్ల అవుతుంది. జార్జ్ ఎయిరీ 1835లో వివరించిన ఆ బిళ్ల ఆకుపచ్చ కాంతికి ఎఫ్ 8 దగ్గర సుమారు 11 మైక్రాన్లు, ఎఫ్ 16 దగ్గర 21, ఎఫ్ 22 దగ్గర 29 మైక్రాన్లు ఉంటుంది. 24 మెగాపిక్సెళ్ల ఫుల్ ఫ్రేమ్‌లో ఒక పిక్సెల్ వెడల్పు 6 మైక్రాన్లు. ఎఫ్ 22లో ఒక చుక్క వెడల్పున అయిదారు పిక్సెళ్లను మెత్తబరుస్తుందన్న మాట. నాలుగైదు వరసల్లో నిలబడ్డ బంధువుల గ్రూప్ ఫొటోకు ఎఫ్ 8 చాలు.

ముఖాలకు 85 మి.మీ. లెన్స్ అందమని, వైడ్ లెన్స్ ముక్కును పెద్దది చేస్తుందని అంటారు. ముక్కును పెద్దది చేసేది లెన్స్ కాదు, దూరం. ముక్కు కొన నుంచి చెవి సుమారు 12 సెంటీమీటర్లు వెనక్కి ఉంటుంది. కెమెరా ముక్కుకు 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటే చెవికి 42 దూరం. చెవితో పోలిస్తే ముక్కు 40 శాతం పెద్దగా పడుతుంది. రెండు మీటర్లు వెనక్కి జరిగితే 200కు 212, అంటే తేడా 6 శాతం. ఆ రెండు మీటర్ల నుంచే వైడ్ లెన్స్‌తో తీసి ముఖం వరకు కత్తిరిస్తే, 85తో తీసినదానిలో ఉన్న పోలికే వస్తుంది. చెయ్యి చాచినంత దూరంలో తీసే సెల్ఫీ నచ్చకపోవడానికి ఫోన్‌ను తప్పుబట్టాల్సిన పనిలేదు.

తెల్లని బట్టలు ఫొటోలో మసిబారడానికి కూడా కెమెరా పాడవడం కారణం కాదు. కెమెరా మీటర్‌కు తన ముందు ఏముందో తెలియదు. లోకం సగటున తన మీద పడిన వెలుతురులో 18 శాతం వెనక్కి పంపుతుందన్న పాత అంచనా మీద, చూసిన ప్రతిదాన్నీ నడిమి రకపు బూడిద రంగుకు తేవాలని చూస్తుంది. జీలకర్ర బెల్లం వేళ వధూవరులు మధుపర్కాల్లో ఫ్రేము నిండా ఉంటే ఆ తెలుపును చూసి వెలుతురు ఎక్కువైందనుకుంటుంది, ఎక్స్‌పోజర్ తగ్గిస్తుంది. బట్టలు బూడిద రంగులోకి, ముఖాలు చీకట్లోకి వెళ్తాయి. నల్ల గేదెను దగ్గరగా తీస్తే సరిగ్గా దీనికి ఎదురు, గేదె వెలిసిపోయి పడుతుంది. తెలుపుకు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ ప్లస్ ఒకటి దాకా, నలుపుకు మైనస్ ఒకటి దాకా ఇచ్చి చూడాలి. కొత్త కెమెరాలు ముఖాన్ని గుర్తుపట్టి దీన్ని కొంతవరకు తామే సర్దుకుంటున్నాయి, పూర్తిగా కాదు.

ఫంక్షన్ హాల్లో తీసిన ఫొటోల మీద అడ్డంగా నల్లని చారలు పడితే, కెమెరా సర్వీసుకు ఇవ్వాలేమోనన్న భయం పుడుతుంది. ఆ చారలు కరెంటువి. భారతదేశంలో కరెంటు సెకనుకు 50 ఆవృత్తులతో వస్తుంది, ఆవృత్తికి రెండుసార్లు పతాక స్థాయికి చేరుతుంది. కాబట్టి ట్యూబ్‌లైట్లు, చవక ఎల్ఈడీలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. కంటికి అది అందదు. షట్టర్ 1/100 సెకను తెరుచుకుంటే ఒక పూర్తి మినుకు అందులో పడుతుంది, 1/50కి రెండు పడతాయి, కనుక ప్రతి వరసకూ సమానమైన వెలుతురు అందుతుంది. 1/1000 పెడితే మినుకులో పదో వంతే దొరుకుతుంది. అది వెలిగే ఘడియో ఆరే ఘడియో చెప్పలేం.

దీనికి సైలెంట్ మోడ్, అంటే ఎలక్ట్రానిక్ షట్టర్ తోడైతే సమస్య రెట్టింపవుతుంది. అది సెన్సార్‌ను ఒకేసారి చదవదు, పై వరస నుంచి కింది వరస దాకా ఒకటొకటిగా చదువుకుంటూ పోతుంది. అలా చదవడానికి 1/30 సెకను పట్టే కెమెరాలో ఆ లోపు లైటు మూడుసార్లకు పైగా మినుకుమంటుంది కనుక ఫొటోలో మూడు చారలు తేలతాయి. తిరిగే ఫ్యాన్ రెక్కలు కొడవళ్లలా వంగి పడేదీ ఈ వరస చదువు వల్లే. వేగంగా చదివే స్టాక్డ్ సెన్సార్లలో ఈ బెడద తక్కువ. అన్ని వరసలనూ ఒకే క్షణంలో పట్టుకునే గ్లోబల్ షట్టర్‌తో ఫుల్ ఫ్రేమ్ కెమెరాను సోనీ 2023లో ప్రకటించింది. అంత ఖర్చు పెట్టలేని వారికి మెకానికల్ షట్టర్, యాంటీ ఫ్లికర్ సెట్టింగు, 1/100 లేదా 1/50 స్పీడు చాలావరకు పని జరుపుతాయి. అమెరికాలో కరెంటు 60 ఆవృత్తులది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో తెలుగువారి పెళ్లి తీయడానికి ఇక్కడి నుంచి వెళ్లినవారు 1/60కో 1/125కో మారాలి. స్టేజీ వెనక పెట్టే ఎల్ఈడీ వాల్ మినుకు ఇంతకన్నా చాలా వేగంగా ఉంటుంది. దాని లెక్క ఒక్కో కంపెనీది ఒక్కో తీరు, షట్టర్‌ను కొద్దికొద్దిగా మార్చి తెర మీద చూసుకోవడమే దారి. డీజే లేజర్ నేరుగా లెన్స్‌లోకి పడితే మాత్రం సెన్సార్ మీద శాశ్వతంగా మచ్చ పడవచ్చు. ఆ కిరణం వచ్చే వైపు కెమెరా తిప్పకపోవడమే మేలు.

ఫ్లాష్ వేసినప్పుడు సగం ఫొటో నల్లగా రావడమూ షట్టర్ నడకకు సంబంధించినదే. మెకానికల్ షట్టర్‌లో రెండు తెరలుంటాయి. 1/200 లేదా 1/250 వరకు మొదటి తెర పూర్తిగా తొలగాకే రెండోది బయలుదేరుతుంది. అంతకన్నా వేగంలో రెండూ వెంట వెంటనే పరుగెత్తుతాయి, సెన్సార్ మీద ఒక సన్నని సందు మాత్రమే కదులుతూ పోతుంది. ఫ్లాష్ వెలిగిన ఆ క్షణంలో సందు ఎక్కడుంటే అక్కడే వెలుతురు పడుతుంది. హై స్పీడ్ సింక్‌లో ఫ్లాష్ గబగబా పలుమార్లు కొట్టి ఆ సందు దాటేంతసేపూ వెలుగుతుంది. అందుకు దాని బలం చాలా తగ్గుతుంది.

రా ఫార్మాట్‌లో తీస్తే ఏదైనా తర్వాత సరిచేసుకోవచ్చన్న ధీమా సగమే నిజం. 1992లో ప్రమాణంగా వచ్చిన జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లు. 14 బిట్ల రా ఫైలులో 16,384. మండపంలో ఒక పక్క పసుపు బల్బులు, పైన తెల్ల ఎల్ఈడీలు, గుమ్మంలోంచి పగటి వెలుతురు కలిసి వచ్చినప్పుడు వైట్ బ్యాలెన్స్‌ను తర్వాత తీరిగ్గా మార్చుకోవడానికి ఆ అదనపు మెట్లు పనికొస్తాయి. కానీ పిక్సెల్ పట్టగలిగినన్ని ఎలక్ట్రాన్లతో నిండిపోయిన చోట ఇక వివరమంటూ ఉండదు. పట్టుచీర జరీ అంచు మీద తెల్లగా కొట్టుకుపోయిన భాగం ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ తిరిగి రాదు. ఫోకస్ తప్పిన కన్ను సంగతీ ఇంతే.

లెన్స్ కొన్న ప్రతివారికీ షాపులో యూవీ ఫిల్టర్ అంటగడతారు. ఫిల్మ్ రోజుల్లో అతినీలలోహిత కిరణాలు దూరపు కొండలను నీలిగా మసకబార్చేవి, ఆ ఫిల్టర్‌కు పని ఉండేది. డిజిటల్ సెన్సార్ ముందు ఆ కిరణాలను ఆపే గాజు ముందే ఉంటుంది. ఇప్పుడది ముందు గాజు మీద గీత పడకుండా కాపాడే మూత మాత్రమే. బీచ్‌లో, దుమ్ములో ఆ మాత్రమైనా అవసరమే. రాత్రిపూట సీరియల్ సెట్ల ముందు నాసిరకం ఫిల్టర్‌తో తీస్తే ప్రతి బల్బుకూ ఒక దొంగ బల్బు పుడుతుంది, అప్పుడు తీసేయాలి.

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీర పట్టణాల్లో లెన్స్‌కు అసలు శత్రువు ఫంగస్. గాలిలో తేమ 60 శాతం దాటి చాలాకాలం నిలిస్తే, చీకటి పెట్టెలో కదలకుండా ఉన్న లెన్స్ లోపల సాలెగూడు దారాల్లా అల్లుకుంటుంది. తోలు కేసులో, బట్టల బీరువాలో దాచిన లెన్స్‌కు ఇది త్వరగా పడుతుంది, ఎందుకంటే తోలూ బట్టా తేమను పట్టి ఉంచుతాయి. బియ్యం డబ్బాలో పెట్టడం వల్ల ఉపయోగం లేదు. బియ్యం తేమను పీల్చేది చాలా తక్కువ, పైగా నూక దుమ్ము లెన్స్ కీళ్లలోకి చేరుతుంది. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, తేమ చూపే చిన్న మీటరు ఉంటే చాలు. ముల్లు 40 నుంచి 50 శాతం మధ్య నిలవాలి. నారింజ రంగు జెల్ ఆకుపచ్చగా, నీలిది గులాబీగా మారితే తేమతో నిండిందని గుర్తు, వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు. ఏసీ హాలు నుంచి ఉక్కపోత బయటికి వచ్చేటప్పుడు చల్లని గాజు మీద ఆవిరి నీరై కూర్చుంటుంది కనుక, కెమెరాను జిప్ వేసిన బ్యాగులోనే కాసేపు ఉంచి ఆ తర్వాత తీయాలి. మొదట్లోనే గుర్తిస్తే ఫంగస్‌ను మెకానిక్ లెన్స్ విప్పి శుభ్రం చేయగలడు. ఆలస్యమైతే అది వదిలే ఆమ్లం గాజు మీది పూతను కొరికేస్తుంది, అప్పుడు మచ్చ తుడిచినా గాట్లు మిగులుతాయి, ఎదురు వెలుతురులో తీసిన ప్రతి ఫొటో వెలవెలబోతుంది.